దావోస్‌ల మీటింగు సరే, మామిడ్గిల ఎప్పుడు?

విదేశంల మీటింగు పెట్టుడు ఆషామాషీ పని కాదు. ఆ పని చేసేటోళ్లను మేం తక్కువ చేసి మాట్లాడం. హాలు ఏడాది ముందుగాల్నే మాట్లాడుకోవాలె. ఎవరెవరు పోతరో పేర్లు ఖరారు చేయాలె. స్విట్జర్లాండ్‌కు షెంజెన్ వీసా కావాలె. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎంత ఆలస్యమైనా పదిహేను రోజుల ముందన్నా పెట్టాలె. మంత్రి పోతుంటే ఢిల్లీల విదేశాంగ శాఖ రాజకీయ అనుమతి ఇయ్యాలె. సియోల్ గడియారం మనకంటె మూడున్నర గంటలు ముందు నడుస్తది. చలికాలంల దావోస్ గడియారం నాలుగున్నర గంటలు వెనక నడుస్తది. ఇది మర్చిపోయి టైం పెట్టుకుంటే ఇక్కడి అధికారి నిద్రల ఉంటడు, అక్కడి కంపెనీ ఆయన ఫోన్ పట్టుకొని ఉంటడు. దుబాసీ కావాలె, వకీలు కావాలె, ఫొటో తీసేటోడు అందరికంటె ముందు కావాలె.

అన్నిట్ల మాకు బాగ నచ్చినది ఒక కాయితం. స్టాల్‌ల పెట్టడానికి తీస్కపోయే ప్రొజెక్టర్లకు, మోడళ్లకు, తెరలకు ఏటీఏ కార్నెట్ అని ఒకటి ఉంటది. మన దేశంల దాన్ని ఫిక్కీ ఇస్తది. ఆ కాయితం మీద ఏ సామాను సరిహద్దు దాటిందో అదే సామాను లెక్కతోని తిరిగి రావాలె. ఒక్కటి తక్కువ పడ్డా సుంకం కట్టాలె. ఎంత పకడ్బందీ ఏర్పాటు!

పోయిన ప్రొజెక్టరు తిరిగొచ్చిందా లేదా అని చూసేటోళ్లు రెండు దేశాల్ల ఉన్నరు. మరి ఆ ప్రొజెక్టరు తోని గోడ మీద చూపెట్టిన భూమి సంగతి ఎవరు చూస్తున్నరు? గోడ మీద ఒక రంగు ముక్క కనవడుతది. జహీరాబాద్ నిమ్జ్ అని రాసి ఉంటది. ఆ ముక్కల న్యాల్‌కల్ ఉన్నది, ఝరాసంగం ఉన్నది, మామిడ్గి ఉన్నది, ఎల్గోయి ఉన్నది. భూమికి కార్నెట్ లేదు.

దావోస్ సంగతే చూడుండ్రి. కొండల నడుమ దాదాపు 11 వేల మంది ఉండే చిన్న పట్నం. 1971ల క్లాస్ ష్వాబ్ అనే ప్రొఫెసర్ యూరప్ కంపెనీల మేనేజర్లను అక్కడ కూడవెట్టి మొదలువెట్టిన మీటింగే 1987 నుంచి వరల్డ్ ఎకనామిక్ ఫోరం అయింది. జనవరిల ఆ వారం రోజులు ఊరి పెద్ద బజారుల దుకాణదారులు తమ సామాను సర్దుకొని జాగలు కిరాయికిస్తరు. నిన్నటి దాక బట్టల దుకాణం ఉన్న కాడ ఇయ్యాల ఒక కంపెనీ పెవిలియన్ ఉంటది, పక్కకు ఒక రాష్ట్రం పెవిలియన్ ఉంటది. మెడల ఏ బ్యాడ్జి ఉంటే ఆ తలుపే తెరుచుకుంటది. 1997ల చంద్రబాబు నాయుడు అక్కడికి పోవుడు మొదలువెట్టిండు. అప్పటి నుంచి మన పాలకులకు అదొక జాతర లెక్క అయింది. ప్రభుత్వాలు మారినయి, రాష్ట్రం వేరు పడ్డది, జాతర ఆగలే.

మీటింగు పెట్టుడు మాకూ కొత్త కాదు. ఉద్యమంల మైకు పర్మిషన్ కాడి నుంచి నీళ్ల ప్యాకెట్ల దాక మోసినోళ్లం. సభ రోజు వేదిక మీద ఎంత పెద్దమనిషి కూసున్నా, వారం ముందు ఊర్లల్ల తిరిగినోడు లేకపోతే ఆ సభ నిలవడది. ఊరికి పోకుండ, డప్పు కొట్టకుండ పెట్టిన సభల టెంటు నీడకు కుక్కలు పండుకుంటయి. కంపెనీల మీటింగుకు దేవుడు వేరే సూత్రం ఏం రాయలే.

ఇప్పుడు న్యాల్‌కల్ ముచ్చట. సంగారెడ్డి జిల్లా పడమటి కొసకు, బీదర్ పక్కకు ఉన్న మండలం. నల్లరేగడి ఉన్నది, ఎర్ర చెలక ఉన్నది. వానకాలంల పెసర, మినుము, కంది, పత్తి. యాసంగిల శనగ, కుసుమ, తెల్ల జొన్న. నీళ్లున్న కాడ చెరుకు, అల్లం, ఆలుగడ్డ. మండలం అంచుకు మంజీర పారుతది. ఆ నీళ్లు సింగూరుకు పోతయి, సింగూరు కాడి నుంచి హైదరాబాద్ నల్లాల దాక పోతయి. బంజరు భూమి అని తెర మీద చూపెట్టేటోళ్లు ఒక్కసారి దీపావళి తర్వాత వచ్చి శనగ చేన్లు చూసి పోతే మంచిగుంటది.

కేంద్రం 2011ల జాతీయ తయారీ రంగ విధానం తెచ్చింది. దాని కింద పెట్టే పెద్ద పారిశ్రామిక మండలికే నిమ్జ్ అని పేరు. ఒక్కో నిమ్జ్‌కు తక్కువల తక్కువ 5 వేల హెక్టార్లు ఉండాలన్నరు. సాధ్యమైనంత వరకు సాగు భూములు ముట్టుకోవద్దని కూడ అదే విధానం చెప్పింది. మన కాడ న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్ల 17 ఊర్ల మీద గీత గీసి 12,635 ఎకరాలని తేల్చిండ్రు. హెక్టార్లల్లకు మార్చి చూడుండ్రి, 5,113 వస్తది. కనీసం కొలతకు వంద హెక్టార్లు ఎక్కువ. ఏ ఫ్యాక్టరీ వస్తది, దానికి ఎంత జాగ పడుతది, ఎన్ని నీళ్లు పడుతయి అని లెక్క గట్టి తీసిన అంకె కాదిది. ఢిల్లీ కాయితంల ఉన్న కొలతకు ఊర్లను సరిపోయేటట్టు కత్తిరించిన అంకె. అంగీకి మనిషిని కోసినట్టు!

2016ల నిమ్జ్‌కు తుది ఆమోదం వచ్చింది. భూమి తీసుకునుడు మాత్రం అంతకు ముందే మొదలైంది. 2013 భూసేకరణ చట్టం పక్కకు పెట్టి, 2015ల తెచ్చిన 123 జీవో కింద రాయించుకున్నరు. భూమి ఉన్నోనికి చెక్కు ఇచ్చిండ్రు. ఆ భూమి మీద కూలి చేసుకొని బతికేటోళ్లకు ఏమిస్తరు? జీవోల వాళ్ల పేరే లేదు. ఆ కూలీలే హైకోర్టుకు పోయిండ్రు. 2016 ఆగస్టు 3న కోర్టు ఆ జీవోను కొట్టేసింది. సర్కారు అప్పీలుకు పోయి, కూలీలకు సుత సాయం చేస్తమని ఇంకో జీవో తెచ్చుకున్నది. ఎవరు చేయించిన పని ఇది? భూమి లేనోళ్లు. వాళ్లను ఏ మీటింగుకూ పిలవలే. పిలిస్తే కోర్టు దాక పోయే అవసరం ఉండకపోవు గదా.

ఆ తర్వాత ఒప్పందాల వరుస మొదలైంది. 2021 అక్టోబర్‌ల ట్రైటాన్ అనే అమెరికా ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీ 2,100 కోట్లతోని జహీరాబాద్ నిమ్జ్‌ల ప్లాంటు పెడుతమని సంతకం చేసింది. పేపర్లల్ల పతాక శీర్షికలు వచ్చినయి, బండ్లు రాలే. 2022 జూన్ 22న ఎల్గోయి కాడ వెమ్ టెక్నాలజీస్‌కు 511 ఎకరాల్ల శంకుస్థాపన అయింది. ఇది రక్షణ సామాను తయారు చేసే హైదరాబాద్ కంపెనీ. అటు పునాది రాయి, ఇటు రోడ్డు మీద భూములు పోయినోళ్ల నిరసన. 2024 ఆగస్టుల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి బృందం అమెరికా, దక్షిణ కొరియా తిరిగొచ్చింది. ఆగస్టు 12న సియోల్‌ల హ్యుందాయ్ పెద్దలతోని కూసున్నరు. తెలంగాణల కార్ల మెగా టెస్ట్ సెంటర్ పెడుతమని కంపెనీ చెప్పింది. తర్వాత దానికి చూపెట్టిన జాగ జహీరాబాద్ నిమ్జ్‌ల 675 ఎకరాలు. అదే నెల 28న కేంద్ర కేబినెట్ 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీలకు సరే అన్నది, అండ్ల జహీరాబాద్ ఒకటి: 3,245 ఎకరాలు, 2,361 కోట్లు. 2025 మే 23న ముఖ్యమంత్రి జహీరాబాద్ వచ్చి నిమ్జ్ రోడ్డు ప్రారంభించిండు.

కంపెనీలు రావద్దని మేం అంటలేం. జహీరాబాద్‌ల ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారైన రోజులు మన పెద్దోళ్లకు యాదికున్నయి. ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారైతున్నయి. ఆ గేటు కాడ జీతం తీసుకొని బిడ్డ పెండ్లి చేసినోళ్లు మన చుట్టాలల్లనే ఉన్నరు. కాని టెస్ట్ సెంటరంటే కార్లను తిప్పి తిప్పి చూసే జాగ. పొడుగు పొడుగు ట్రాకులు కావాలె, భూమి ఎక్కువ పడుతది. ఎకరానికి ఎంత మందికి పని? అండ్ల న్యాల్‌కల్ పిలగానికి ఏ పని? దానికి జహీరాబాద్ ఐటీఐల ఏ కోర్సు పెట్టాలె, ఎప్పుడు పెట్టాలె? ఈ ప్రశ్నలు అడగవలసిన జాగ సియోల్ మీటింగే. సంతకం అయినంక అడిగితే జవాబు ఇచ్చేటోడు ఉండడు.

కొరియా కంపెనీలకు ఈ మాట కొత్తగ చెప్పే పని లేదు. 2005 జూన్ 22న ఒడిశా సర్కారుతోని పోస్కో అనే కొరియా ఉక్కు కంపెనీ ఒప్పందం రాసుకున్నది. 52 వేల కోట్లు. అప్పట్ల దేశంల అంత పెద్ద విదేశీ పెట్టుబడి లేదని గొప్పలు చెప్పిండ్రు. జగత్‌సింగ్‌పూర్ జిల్లా ధింకియా దిక్కు తమలపాకు తోటలు పెట్టుకొని బతికే రైతులను మాత్రం ఎవ్వరూ అడగలే. పోలీసులు వచ్చిండ్రు, ఊర్లు అడ్డం నిలవడ్డయి, గ్రామసభలు వద్దన్నయి. పన్నెండేండ్లకు, 2017ల, కంపెనీ చేతులెత్తి పోయింది. మీటింగు హాలు మంచిదే, సంతకాల పెన్ను మంచిదే, ఫొటో సుత మంచిగనే వచ్చి ఉంటది. ఊర్ల పెట్టవలసిన మీటింగు పెట్టలే. అంతే తేడా. భూమి మీద పంచాయితి ఉన్న కాడ పైసలు పెట్టాలని ఏ కంపెనీకీ ఉండదు. గనుక మేం అడుగుతున్నది రైతుల కోసమే అనుకుంటే పొరపాటు, పెట్టుబడి పెట్టేటోనికి కూడ ఇదే నయం.

సరే, దావోస్ లెక్కల్లకు వద్దాం. 2025 జనవరిల తెలంగాణ బృందం అక్కడ 1,78,950 కోట్ల ఒప్పందాలు చేసుకొని వచ్చింది. అండ్ల అమెజాన్ లాంటి విదేశీ కంపెనీ ఉన్నది, కాదనం. కాని అదే జాబితాల మేఘా ఇంజనీరింగ్ ఉన్నది, కంట్రోల్ ఎస్ ఉన్నది, స్కైరూట్ ఉన్నది. మూడూ హైదరాబాద్ కంపెనీలే! సచివాలయం కాడికి ఆటోల వచ్చే దూరం. ఇక్కడి సర్కారు, ఇక్కడి కంపెనీ, ఇద్దరూ మంచు కొండెక్కి చేతులు కలుపుకొని వచ్చిండ్రు. మనోళ్లే అని కాదు, మహారాష్ట్రోళ్లు కూడ అదే పని చేసిండ్రు. అదే ఏడాది చంద్రబాబు తిరిగొచ్చి, దావోస్‌ల ఒప్పందాలు రాసుకునుడు ఉత్త భ్రమ, అక్కడికి పోయేది నలుగురిని కలిసి మాట్లాడెతందుకు అన్న అర్థంల చెప్పిండు. ఆయనతోని మాకు ఎన్నో పంచాయితులు ఉన్నయి. ఈ ఒక్క ముచ్చటల మాత్రం ఆయన మాట కాదనలేం. ఒప్పందం కాయితం కట్టుబడి ఉండాలన్న నిబంధన లేనిది. దాని మీద కోటి రాసినా లక్ష కోట్లు రాసినా స్టాంపు ఖర్చు ఒకటే. మరి మీటింగు గెలిచిందా ఓడిందా అన్నది ఆ కోట్లతోని ఎట్ల కొలుస్తరు?

దావోస్ పోయేది పెద్దోళ్లే అనుకోకుండ్రి. చిన్న దావోస్‌లు కూడ ఉన్నయి. విత్తనాల కంపెనీలు, పురుగు మందుల కంపెనీలు టార్గెట్ కొట్టిన డీలర్లను బ్యాంకాక్, సింగపూర్, దుబాయ్ తీస్కపోవుడు మన దిక్కు పాత ముచ్చటే. దాని పేరు డీలర్ల కాన్ఫరెన్స్. పొద్దుగాల హోటల్ హాల్ల ఒక గంట స్లైడ్లు, మిగిలినదంతా సముద్రం ఒడ్డు. డీలర్ మీద మాకు కోపం లేదు, పొద్దంత దుకాణంల కూసునేటోడు నాలుగు రోజులు తిరిగొస్తే ఏం పోయింది? పోయేది వేరే కాడ పోతది. టార్గెట్ అంటే ఎన్ని డబ్బాలు అమ్మినవన్న లెక్క. చేనుకు ఎంత మందు కావాల్నో చేనుకు తెలుసు, టార్గెట్‌కు తెల్వది. పత్తికి రెండు డబ్బాలు సరిపోయే కాడ మూడో డబ్బా చేతుల పెట్టినప్పుడు, ఆ మూడో డబ్బానే విమానం టికెట్టు. టికెట్టు పైసలు కట్టిన రైతుకు తను కట్టిన సంగతే తెల్వది.

మనుషుల మందుల కంపెనీల కాడ ఇది ఎంత ముదిరిందో చూసి 2024 మార్చి 12న కేంద్రం కొత్త కోడ్ తెచ్చింది. డాక్టర్ల కోసం విదేశాల్ల సదస్సులు పెట్టవద్దన్నది. ఉపన్యాసం ఇచ్చేటోళ్లకు తప్ప డాక్టర్లకు, వాళ్ల ఇంటోళ్లకు ప్రయాణం ఖర్చులు పెట్టవద్దన్నది. ఎందుకు? ఆ ఖర్చు చివరికి మందుచీటి మీద పడుతది గనుక. అంటే మీటింగు ఎక్కడ పెడితే ఎవరి మీద ఖర్చు పడుతదో సర్కారుకు తెల్వక కాదు. పత్తి చేను కాడికి వచ్చేసరికి, భూమి కాడికి వచ్చేసరికి ఆ తెలివి యాదికి రాదు.

మందుల కంపెనీల ముచ్చట వచ్చింది గనుక ఇంకోటి. 2024ల న్యాల్‌కల్ మండలం డప్పూర్, మల్గి, వడ్డి ఊర్లల్ల దాదాపు 2 వేల ఎకరాల్ల ఫార్మా విలేజ్ అన్నరు. ఒక దిక్కు విదేశాల్ల పెట్టుబడులు అడుగుతున్న యేడే, ఇంకో దిక్కు ఈ మూడు ఊర్ల ఆడోళ్లు, మొగోళ్లు రోడ్డు మీద కూసున్నరు. మా భూములు ఇయ్యం, మంజీరల విషం కలవనియ్యం అన్నరు. అప్పుడు ఆ ఊర్లకు సర్పంచులు ఉన్నరా? లేరు! 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్‌ల పంచాయతీ ఎన్నికలు అయ్యేదాక రాష్ట్రమంత స్పెషల్ ఆఫీసర్ల పాలన. సియోల్ మీటింగు ఆ నడుమనే, 2025 దావోస్ మీటింగు ఆ నడుమనే. భూమి గురించి మాట్లాడెతందుకు ఊరి తరఫున ఎన్నికైన మనిషి ఒక్కడు లేని రెండేండ్లల్ల భూమి గురించిన ముచ్చట్లన్నీ దేశాలు దాటి పోయినయి. వికారాబాద్ జిల్లా లగచర్లల ఇదే తీరు ఏ దాక పోయిందో మీకు తెలుసు. 2024 నవంబర్ 11న కలెక్టర్ మీటింగు పెడుతుంటే జనం తిరగవడ్డరు, ఎందరో జైలుకు పోయిండ్రు, అదే నెలాఖరుకు ఫార్మా నోటిఫికేషన్ వెనక్కు తీసుకున్నరు. ముందుగాల్నే ఊర్ల కూసొని మాట్లాడి ఉంటే ఆ జైలు ఎవరికి పడు?

విదేశంల మీటింగు ఎట్ల పెట్టాలె అని మమ్ముల ఎవరన్న అడిగితే, సింగపూర్ చూడుమని చెప్పం. జహీరాబాద్‌కు దగ్గరున్న ఆల్గోల్ చూడుమంటం. కొత్త తరానికి ఈ సంగతి తెల్వది, గనుక జర వివరంగ చెప్తం.

2001 జూన్ 25 నుంచి జులై 1 దాక ఆల్గోల్‌ల ప్రజాతీర్పు అని ఒక మీటింగు జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు విజన్ 2020 అని పెద్ద పత్రం రాసుకున్నది. వ్యవసాయం మీద బతికేటోళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గిస్తమన్నది. బ్రిటన్ సర్కారు దానికి పైసలిస్తున్నది. అండ్ల పెద్ద యంత్రాలు ఉన్నయి, ఒప్పంద సేద్యం ఉన్నది, జన్యుమార్పిడి విత్తనాలు ఉన్నయి. రైతును మాత్రం ఎవరూ అడగలే. అప్పుడు కొన్ని సంఘాలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, లండన్‌ల ఒక పరిశోధన సంస్థ కలిసి, సన్నకారు రైతులనే జడ్జీలుగ కూసోవెట్టినయి. జ్యూరీల 19 మంది. ఎక్కువ మంది ఆడోళ్లు, ఎక్కువ మంది దళితులు, ఆదివాసులు, రాష్ట్రం అన్ని దిక్కుల నుంచి వచ్చినోళ్లు. అందరికీ చదువు రాదు గనుక మూడు తీర్ల భవిష్యత్తును వీడియోల చూపెట్టిండ్రు. సర్కారు అధికారులను, కంపెనోళ్లను, శాస్త్రవేత్తలను సాక్షులుగ పిలిచిండ్రు. ఆ ఆడోళ్లు వాళ్లను ప్రశ్నలు అడిగిండ్రు. పద్ధతి తప్పకుండ చూసే కమిటీకి సుప్రీంకోర్టు మాజీ జడ్జి పి.బి. సావంత్ పెద్ద. వారం రోజులయినంక తీర్పు వచ్చింది: మా విత్తనం మా చేతుల ఉండాలె, మమ్ముల భూమి నుంచి ఎళ్లగొట్టే విజన్ మాకు వద్దు.

ఆ తర్వాతనే విదేశం. 2002 మార్చిల ఆ నివేదిక లండన్‌ల పార్లమెంటు సభ్యుల ముందటికి పోయింది. బ్రిటన్ సహాయ శాఖకు కోపం వచ్చింది, ఇది సరైన పద్ధతి కాదని గొడవ పెట్టింది, యూనివర్సిటీల్ల దాని మీద ఏండ్ల తరబడి చర్చ నడిచింది. దానితోని బ్రిటన్ పైసలు ఆగిపోయినయని మేం చెప్తలేం. విజన్ 2020ను వెంటనే చించేసిండ్రని చెప్తలేం. కాని ఆల్గోల్ మాట వెస్ట్‌మినిస్టర్ దాక పోయిందంటే, ఆ మీటింగుకు ముందు వారం రోజుల మీటింగు ఊర్ల జరిగింది గనుకనే పోయింది. ఇక్కడ కూసొని అనుకున్నది ఒకటి, అక్కడ చెప్పింది ఒకటి కాలే. దావోస్‌కు ఏటా పోయే బృందాలు ఈ ఆల్గోల్ ఫైలు ఒక్కసారన్న తిరగేస్తే బాగుండు.

మరి మామిడ్గిల మీటింగు ఎట్లుండాలె? పెద్ద పనేం కాదు. 2013 చట్టంల తొవ్వ రాసే ఉన్నది. సామాజిక ప్రభావం అంచనా కట్టాలె, ఊర్లనే బహిరంగ విచారణ పెట్టాలె, ఆ నివేదిక ఊరి భాషల అచ్చేసి పంచాయతీ ఆఫీసుల పెట్టాలె. ఇదంత తలనొప్పి అనుకొని 2017ల మన రాష్ట్రమే చట్టానికి సవరణ చేసుకొని కొన్ని ప్రాజెక్టులను ఇండ్ల నుంచి తప్పించే కిటికీ తెరుచుకున్నది. చట్టం అడగకున్నా చేయవద్దని ఎవరన్నరు? సియోల్ హోటల్ బుక్ చేసే ముందు రెండు రోజులు ఇక్కడ ఖర్చు పెట్టుండ్రి. సర్వే నంబర్లు తెలుగుల రాసి గోడకు అతికియ్యుండ్రి. కంపెనీకి సింగూరు నీళ్లు రోజుకు ఎన్ని కావాల్నో చెప్పుండ్రి, అవే నీళ్లతోని ఎన్నెకరాలు పారుతయో పక్కకు రాయుండ్రి. పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి ఒక రేటు ఎందుకో దళిత రైతు మొఖం చూసి చెప్పుండ్రి. దున్నేటప్పుడు రెండు భూములల్ల నాగలి ఒక్క తీరుగనే దిగుతది గదా! కూలోళ్ల పేర్లు భూమి ఉన్నోళ్ల పేర్లకంటె ముందు రాసుకోవాలె. వాళ్లకు పాసుబుక్కు ఉండదు, గనుక మర్చిపోవుడు అల్కగ ఉంటది.

పోయే బృందంల ఎవరుండాలె అన్నది ఇంకో ముచ్చట. పరిశ్రమల శాఖ పెద్దలు పోతరు, సలహాదారులు పోతరు, ఒక్కోసారి ఎందుకు పోతున్నరో తెల్వనోళ్లు సుత పోతరు. పదిహేను మంది పోయే కాడ ఒక్క కుర్చీ న్యాల్‌కల్‌కు ఇస్తే విమానం బరువెక్కుతదా? ఎన్నికైన సర్పంచులు ఇప్పుడు ఉన్నరు. భూమి కోల్పోయే ఊరి నుంచి ఒక సర్పంచు, ఒక మహిళా రైతు కంపెనీ పెద్దల ముందల కూసొని, మా భూమి తీసుకుంటె మా పిలగాండ్లకు ఏం నేర్పిస్తరు, ఎప్పుడు నేర్పిస్తరు అని అడిగితే, ఆ ప్రశ్నకు ఏ పవర్ పాయింటూ సాటి రాదు. దుబాసీ ఎట్లనూ ఉంటడు. తెలుగు నుంచి కొరియాకు మాట మారిస్తే చాలు.

ఇగ కాయితం. ఒప్పందంల కోట్లు పెద్ద అక్షరాలతోని రాస్తరు, మిగిలినవి రాయరు. భూమి ఒక్కసారే ఇయ్యకుండ పని నడిచిన కొద్ది ఇయ్యాలె. ఇన్ని నెలల్ల పని మొదలు కాకపోతే భూమి వాపసు అని రాయాలె, ఎవరికి వాపసో కూడ రాయాలె, సర్కారు ల్యాండ్ బ్యాంకుకా, రైతుకా? ట్రైటాన్ ముచ్చట తర్వాత కూడ ఈ మాట రాయకపోతే ఎట్ల? బృందం తిరిగొచ్చిన తొంభై రోజులకు ఏ ఒప్పందం ఎక్కడిదాక వచ్చిందో, ఏది ఆగిందో, ఎందుకు ఆగిందో పంచాయతీ బోర్డు మీద రాసిపెట్టాలె. హైదరాబాద్‌ల ప్రెస్‌మీట్ పెడితే మామిడ్గికి వినవడది.

ఖర్చు లెక్క సుత అదే బోర్డు మీద ఉండాలె. పెవిలియన్ కిరాయి ఎంత, టికెట్లు ఎంత, హోటల్ ఎంత. దాచే పని ఏముంది? ప్రొజెక్టరుకు కార్నెట్ ఉన్నప్పుడు పైసలకు కూడ ఒకటి ఉండనియ్యుండ్రి.

జనవరి వస్తది, దావోస్‌ల మళ్ల మంచు పడుతది, మన బృందం మళ్ల సూట్లు కుట్టించుకుంటది. దానికి ముందు దసరాకు, దీపావళికి నడుమ జర తీరిక ఉంటది, వానకాలం పంట ఇంటికొచ్చి యాసంగి విత్తనం పడే టైం. ఊర్ల జనం దొరుకుతరు. మామిడ్గిల కుర్చీలు, మైకు, టెంటు మేం చూసుకుంటం. తారీకు చెప్పుండ్రి.